ఆన్‌లైన్ సెషన్‌లో మూడేళ్ల బాబు కూర్చోకపోతే ఏం నేర్పుతారు?

మీరు అడిగింది ఇదీ: బాబుకి మూడేళ్లు. ఆటిజం అని చెప్పారు, ఇంకా మాటల్లేవు. పెందుర్తి నుంచి విశాఖ ఎంవీపీ కాలనీలోని థెరపీ సెంటర్‌కి వారానికి రెండుసార్లు తీసుకెళ్లి రావడం మీ వల్ల కావట్లేదు. వాళ్లేమో వారానికొకసారి ఆన్‌లైన్‌లో మీకు శిక్షణ ఇస్తామంటున్నారు. "వాడు ఫోన్ ముందు రెండు నిమిషాలు కూర్చోడు, ఇక ఆన్‌లైన్‌లో ఏం నేర్చుకుంటాడు?" అన్నది మీ అనుమానం.

వాడు కూర్చోనక్కర్లేదండీ. ఆ గంటలో నేర్చుకోవలసింది మీరు. బాబు అదే గదిలో మూత తిప్పుకుంటూ ఉన్నా, మంచం కింద దూరినా సెషన్ జరుగుతుంది. వాణ్ని ఒళ్లో బిగించి పట్టుకుని తెర వైపు చూపించమని ఎవరైనా చెబితే, అక్కడ పద్ధతే సరిగా లేదని అర్థం.

ఒక లెక్క చూడండి. మూడేళ్ల పిల్లాడు రోజుకి 12 గంటలు మెలకువగా ఉన్నాడనుకుంటే వారానికి 84 గంటలు. థెరపిస్టు దగ్గర గడిచేది అందులో ఒకటో రెండో. మిగతా 82 గంటల తిండీ, స్నానం, బట్టలు, వీధిలో తిరగడం, నిద్రపుచ్చడం అంతా మీ చేతుల్లో జరుగుతుంది. మాట పుట్టేది ఆ పనుల మధ్యే. అందుకే ఈ పద్ధతిలో థెరపిస్టు పిల్లాడికి కాక మీకు చెబుతారు.

ఇది కరోనా కాలంలో తోచక పుట్టిన ఏర్పాటు కాదు. బ్రిటన్‌లో ఆటిజం ఉన్న 152 మంది చిన్నపిల్లలతో చేసిన ప్యాక్ట్ అనే అధ్యయనం 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అమ్మో నాన్నో బిడ్డతో ఆడుకుంటుంటే వీడియో తీసి, తర్వాత థెరపిస్టు, తల్లిదండ్రులు కలిసి దాన్ని చూడటం అందులో ముఖ్యమైన పని. అదే పద్ధతిని మన పరిస్థితులకి మార్చి గోవాలోనూ రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో చేశారు, ఫలితాలు 2015లో వచ్చాయి. అక్కడ నేర్పింది స్పెషలిస్టులు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లిదండ్రులు బిడ్డ ఆసక్తిని అనుసరించి స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము అమ్మానాన్నల్ని పలకరించడం పెరిగింది. అవన్నీ ముఖాముఖి చేసినవే. అయితే వీడియో కలిసి చూసి మాట్లాడుకునే పనికి ఒకే గదిలో ఉండాల్సిన అవసరం లేదు కాబట్టి ఫోన్‌లో బాగా కుదురుతుంది. ఆటిజాన్ని పోగొట్టడం దీని ఉద్దేశం కాదు. బిడ్డ తనకి కావలసింది తెలియజేయగలగాలి, మీతో పంచుకోగలగాలి, అంతవరకే. మూడు నెలల్లో మామూలు పిల్లాణ్ని చేసేస్తామనేవాళ్ల జోలికీ, ఆటిజానికి స్టెమ్‌సెల్ చికిత్స అనేవాళ్ల జోలికీ పోకండి.

మొదలుపెట్టే ముందు వినికిడి పరీక్ష. పిలిస్తే పలకకపోవడం ఆటిజం వల్లే అని తేల్చేసి బెరా పరీక్ష (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో కొలిచేది) చేయించకుండా నెలలు గడిపేసే కుటుంబాలు ఉన్నాయి. వాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోనూ ఈఎన్‌టీ విభాగం ఉంది. పిల్లాడు నిద్రలో ఉండగా చేస్తారు కాబట్టి అంతకుముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి తీసుకెళ్లండి. ఇక మీకు నేర్పబోయేవారి సీఆర్‌ఆర్ నంబరు, అంటే నమోదు నంబరు, అడగండి. స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. అడిగినందుకు చిరాకు పడితే వేరే వారిని చూసుకోండి.

ఫోన్ సంగతి. చేత్తో పట్టుకుని తీయకండి. ఒక చేయి ఫోన్‌కి పోతే ఆట సగమైపోతుంది, మీ ముఖం వీడియోలో ఉండనే ఉండదు. స్టూలు మీదో బోర్లించిన బియ్యం డబ్బా మీదో, పిల్లాడి కళ్ల ఎత్తులో, నాలుగైదు అడుగుల దూరంలో, ఫోన్ అడ్డంగా పెట్టండి. మీ ముఖం, వాడి ముఖం, ఇద్దరి చేతులూ కనబడాలి. కిటికీ ఫోన్‌కి వెనక ఉండాలి. పిల్లాడి వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది, చూపు ఎటు తిరిగిందో తెలియదు. ఈ సెషన్లకి చూపే ప్రాణం. ఫోన్ కనబడగానే లాక్కుంటాడంటే వెనక కెమెరాతో తీస్తూ తెరని గోడవైపు తిప్పి పెట్టండి. మన ఊరి ఉక్కలో ఫ్యాను ఆపి కూర్చోలేం గనక సరిగ్గా ఫ్యాను కింద కాకుండా కాస్త పక్కకి జరగండి, లేకపోతే వాడు చేసే చిన్న శబ్దం రికార్డు కాదు. లైవ్ సెషన్‌లో ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. థెరపిస్టు "ఇప్పుడు ఆగండి" అన్న మాట మీకే వినబడాలి. అది స్పీకర్‌లో వచ్చిందంటే పిల్లాడి ధ్యాసంతా ఫోన్ మీదకి పోతుంది.

నెట్ ఆగిపోవడం మామూలే, ముఖ్యంగా పాడేరు, అరకు వైపు కుటుంబాలకి. కాబట్టి లైవ్ మీదే ఆధారపడకండి. వారానికి రెండు వీడియోలు, ఒక్కోటి 5 నిమిషాలు, సెషన్‌కి ముందు రోజే పంపేయండి. వాటిని చూసి మాట్లాడుకోవడానికి మామూలు ఫోన్ కాల్ చాలు. స్నానం, బట్టలు మార్చడం లాంటివి వీడియో తీయకండి, నోటితో వివరించండి. ఈ వీడియోలు బంధువుల గ్రూపుల్లో పెట్టకండి. థెరపిస్టు వాటిని ఎక్కడ దాస్తారో, ఎప్పుడు చెరిపేస్తారో ముందే అడిగి రాయించుకోండి.

ఇప్పుడు అసలు పని. మొదటి నెలంతా మీరు నేర్చుకోవలసింది ఆగడం. వినడానికి చిన్నదే, చేయడానికి కష్టం.

మరమరాల డబ్బాతో చెబుతాను. లోపల ఉన్నది బయటికి కనబడే ప్లాస్టిక్ డబ్బా, మూత పిల్లాడికి రానంత గట్టిగా ఉండాలి. వాడికి కొంచెం ఆకలిగా ఉన్న వేళ చూసుకోండి, మరీ ఆకలి వేళ వద్దు. నేల మీద వాడికి ఎదురుగా కూర్చోండి, పక్కన కాదు. డబ్బా వాడి చేతికే ఇవ్వండి. వాడు మూత లాగుతాడు, నేలకేసి కొడతాడు, రాదు. మీరు చేయి చాచి, అరచెయ్యి పైకి పెట్టి, మాట్లాడకుండా మనసులో ఏడు వరకు లెక్కపెట్టండి. "ఏం కావాలి? మరమరాలా? అడుగు" అనకండి. ఏడు లెక్కపెట్టేలోపు వాడు డబ్బా మీ చేతిలో పెట్టవచ్చు, మీ వేలు పట్టి మూత మీదకి లాగవచ్చు, "ఊ" అనవచ్చు, అర సెకను మీ ముఖం వైపు చూడవచ్చు. ఇందులో ఏది చేసినా అది మీకు పంపిన కబురే. వెంటనే "తియ్యి!" అని ఒక్క మాట అంటూ మూత తీయండి. నాలుగు గింజలు చేతిలో వేసి మూత పెట్టి, మళ్లీ డబ్బా వాడికివ్వండి. ఆరేడుసార్లు అయ్యాక, వాడు విసుక్కునే లోపే "అయిపోయింది" అని డబ్బా లోపల పెట్టేయండి.

ఇందులో తప్పు జరిగే చోట్లు మూడు. మొదటిది, ఏడు వరకు ఆగలేక రెండుకే మాట్లాడేయడం. వీడియోలో చూస్తే తెలుస్తుంది, మీరు నోరు తెరిచిన క్షణానికే వాడి తల మీ వైపు తిరగబోతూ ఉంటుంది. మీ మాట వినబడగానే మళ్లీ డబ్బా వైపు పోతుంది. ఇలాంటి పిల్లలకి విన్నదాన్ని, చూసినదాన్ని కలిపి జవాబు తయారుచేసుకోవడానికి సమయం ఎక్కువ పడుతుంది. మనం రెండు సెకన్లకే ఇంకో ప్రశ్న వేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. రెండోది, మాట అంటేనే ఇస్తానని పట్టుబట్టడం. "తియ్యి అను, అంటేనే ఇస్తా" అంటే వాడి దగ్గర లేని మాటని అడుగుతున్నట్టు. ఏడుస్తాడు, తర్వాత ఆ డబ్బా చూస్తేనే దూరం వెళ్లిపోతాడు. వాడు ఇచ్చిన సంజ్ఞ ఎంత చిన్నదైనా తీసుకోవాలి. మాట మీరు అనాలి, వాడు అనక్కర్లేదు. మూడోది, ఎక్కువసేపు సాగదీయడం. ఈ ఆటకి 5 నిమిషాలు చాలు, రోజుకి అలాంటివి మూడు నాలుగు. గంటసేపు కూర్చోబెడితే అది క్లాసు అయిపోతుంది.

తినేదే కానక్కర్లేదు. ఉప్పుబస్తాలా వీపు మీద ఎక్కించుకుని నాలుగడుగులు నడిచి టక్కున ఆగిపోండి. చక్కిలిగింతలు పెట్టే ముందు చెయ్యి గాల్లో ఆపి "వస్తున్నా... వస్తున్నా..." అని నిలిపేయండి. సబ్బు బుడగలు ఒకసారి ఊది సీసా మూత పెట్టేయండి. బీచ్‌లో అల వచ్చేముందు చెయ్యి పట్టుకుని ఆగండి. వాడు ఏదంటే పడి చస్తాడో అందులోనే ఆగాలి. వాడికి ఇష్టం లేని దాంట్లో మీరు ఎంతసేపు ఆగినా అడగడానికి వాడికి కారణం ఉండదు.

మాటల ఎంపికలో మన భాషకి సంబంధించిన రెండు విషయాలు ఉన్నాయి. ఇంగ్లీషు కరపత్రాల్లో ఇవి దొరకవు గనక కాస్త వివరంగా చెబుతాను.

మనం రోజంతా పిల్లల్ని "నీళ్లు కావాలా? అన్నం తింటావా? ఎత్తుకోనా?" అని అడుగుతాం. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలు విన్నది విన్నట్టు పట్టుకుంటారు. అప్పుడు దాహం వేస్తే వాడు "నీళ్లు కావాలా" అంటాడు, ఆకలేస్తే "తింటావా" అంటాడు. ఇంట్లో వాళ్లు వాడు మనల్నే ప్రశ్నిస్తున్నాడనో, అర్థం లేకుండా వల్లిస్తున్నాడనో అనుకుంటారు. అర్థం లేకపోవడం కాదు, వాడు విన్న రూపంలోనే అడుగుతున్నాడు. తెలుగులో క్రియ చివర ఉండే చిన్న ముక్కే ఎవరు, ఎవరితో అన్నది మార్చేస్తుంది. కాబట్టి వాడి పక్షాన నిలబడి, వాడు అనవలసిన రూపంలోనే మీరు అనండి. వాడు సీసా వైపు చూస్తే "నీళ్లు కావాలి" అనండి. చేతులు చాస్తే "ఎత్తుకో" అనండి. ముద్ద తోసేస్తే "వద్దు" అనండి. ఇప్పటికే "కావాలా" అని అడుగుతుంటే సరిదిద్దకండి, "అలా కాదు" అనకండి. "నీళ్లు కావాలి" అంటూ గ్లాసు అందించండి.

రెండోది, మన వాక్యంలో పనిమాట చివర వస్తుంది. "బంతి వెయ్యి", "తలుపు తియ్యి", "లైటు వెయ్యి". ఒకే ఆట యాభైసార్లు ఒకే మాటతో ఆడాక, "బంతీ..." అని సాగదీసి ఆగితే ఖాళీగా మిగిలేది పనిమాటే. పిల్లాడు ఆ ఖాళీలో ఒక శబ్దం వేసినా చాలు. ఈ పనిమాటలు ఎన్ని వస్తువులకైనా పనికొస్తాయి. అందుకే మొదటి పదిలో రంగులు, ఏబీసీడీలు, జంతువుల పేర్లు పెట్టకండి. ఇవ్వు, తియ్యి, వెయ్యి, ఇంకా, రా, ఎత్తుకో, చాలు, వద్దు, అయిపోయింది, ఇవి పెట్టండి. "వద్దు" తప్పకుండా ఉండాలి. వద్దని చెప్పే దారి లేని పిల్లాడు కొరకడం, విసరడం, తల కొట్టుకోవడం చేస్తాడు. చెయ్యి అడ్డంగా ఊపడం వచ్చినా ఆ కొరకడం తగ్గే అవకాశం ఉంది. వాడు "వద్దు" అన్న తొలి రోజుల్లో ఆ మాటని గౌరవించి నిజంగానే ఆపేయండి.

వాక్యం పొడవు వాడికన్నా ఒక్క మెట్టు పైన ఉంటే చాలు. మాటలు లేని పిల్లాడితో ఒక్క మాట, ఒక్క మాట వచ్చినవాడితో రెండు. నానమ్మ "ఏటి కావాలి నాన్నా" అంటే అననివ్వండి, ఇంటి యాసని మార్చనక్కర్లేదు. ఇంగ్లీషులోనే మాట్లాడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రెండు భాషలు వినడం ఆటిజం ఉన్న పిల్లలకి నష్టం చేస్తుందని ఏ పరిశోధనా తేల్చలేదు. అమ్మకి రాని భాషలో ముద్దు చేయమంటే ఇల్లు మౌనమైపోతుంది.

నానమ్మ గురించి ఇంకో మాట. వాడు వంటింటి వైపు అడుగు వేయగానే బిస్కెట్ చేతిలో పెట్టేది ఆవిడే అవుతుంది చాలా ఇళ్లలో. అది ప్రేమే, కానీ పిల్లాడికి అడిగే అవసరం రాదు. ఆవిణ్ని తప్పుపడితే ఇంట్లో గొడవ తప్ప ఏమీ మిగలదు. ఒక సెషన్‌లో ఆవిణ్నే కూర్చోబెట్టి మరమరాల డబ్బా ఆవిడ చేతికే ఇవ్వండి. మనవడు తన చెయ్యి పట్టుకుని మూత మీద పెట్టిన వీడియో ఒకసారి చూస్తే ఆవిడ మీకన్నా బాగా ఆగుతారు. స్టీల్ ప్లాంట్ షిఫ్టుల్లో ఉండే నాన్నలకి ఉప్పుబస్తా ఆట అప్పగించండి. రోజూ ఒకటే ఆట, 5 నిమిషాలు, ఏ వేళకి వీలైతే ఆ వేళ.

సెషన్ గంట ఎలా నడవాలో తెలిస్తే మీకు నేర్పేవారు సరిగా నేర్పుతున్నారో లేదో మీరే పట్టుకోగలరు. మొదటి పది నిమిషాలు వారం ఎలా గడిచిందో వింటారు. ఇంకో పది నిమిషాలు మీరు ఆడుతుంటే చూస్తారు, మధ్యలో తక్కువ మాట్లాడతారు. ఎక్కువ సమయం వీడియో చూడటానికే పోవాలి, ఇరవై నిమిషాలన్నా. అందులోనూ ముందు మీ తప్పులు కాక, బాగా జరిగిన ఒక పది సెకన్ల ముక్క చూపించి "ఇక్కడ వాడేం చేశాడు? మీరేం చేశారు?" అని మిమ్మల్నే అడగాలి. మీరే చూసి కనిపెట్టింది మీకు గుర్తుంటుంది, చెప్పించుకున్నది మర్నాటికి పోతుంది. వీడియోని సగం వేగంతో నడపమని అడగండి, అర సెకను చూపులు అప్పుడే దొరుకుతాయి. చివరికి వచ్చే వారానికి ఒకే ఒక్క పని. అయిదు పనులు రాసిచ్చారంటే ఏదీ జరగదు, ఆ మాట వాళ్లకి మొహమాటం లేకుండా చెప్పండి.

లెక్కలు రాసుకోండి. గోడ మీది క్యాలెండర్ చాలు. 5 నిమిషాల వీడియోలో మూడు అంకెలు: మీరు వేసిన ప్రశ్నలు, ఆజ్ఞలు కలిపి ఎన్ని, మీరు ఏడు వరకు ఆగింది ఎన్నిసార్లు, వాడు తనంతట తాను మీకు ఏదో తెలియజేసింది ఎన్నిసార్లు. మాటలు లెక్కపెట్టకండి. మాటలు లెక్కపెడితే వారాల తరబడి సున్నా కనబడి మీరు వదిలేస్తారు. ముందు మారేవి మొదటి రెండు అంకెలు, అవి మీవి. మూడోది వాటి వెనక వస్తుంది. మూడు నెలలైనా మూడోది కదలకపోతే ఎంచుకున్న ఆట వాడికి నిజంగా ఇష్టమో కాదో మళ్లీ చూడాలి. వాడు చూపించి అడగడానికి బొమ్మల కార్డులు కూడా జత చేయాలి. వాడి గ్లాసు, వాడి బిస్కెట్, వాడి చెప్పులు మీ ఫోన్‌తోనే ఫోటో తీసి రెండంగుళాల సైజులో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, ఫ్రిజ్ తలుపు మీద వాడికి అందే ఎత్తులో వెల్క్రోతో అంటించండి. లామినేషన్ మానకండి, ఈ సముద్రపు గాలికి కాగితం నెలలో ఉబ్బిపోతుంది. బొమ్మలు ఇస్తే మాట్లాడటం మానేస్తాడన్న భయం అక్కర్లేదు. బొమ్మల వల్ల మాట ఆగిపోదని అధ్యయనాల్లో తేలింది.

ఆన్‌లైన్‌లో ఆగకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లవలసినవి కొన్ని ఉన్నాయి. ఉన్న మాటలు పోవడం, ఫిట్స్ లాగా కళ్లు నిలిచిపోవడం, మింగేటప్పుడు పొలమారడం, గాయమయ్యేలా తల కొట్టుకోవడం. ఇవి వీడియోలో తేల్చుకునేవి కావు. మీకే నిద్ర లేక, ఏడుపు ఆగక ఉంటే ఆ వారం ఇంటి పని ఆపేయమని థెరపిస్టుకి చెప్పండి. మీతో మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉచిత నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

మొదటి సెషన్‌కి ముందు ఒక్క వీడియో తీసి పంపండి. సాయంత్రం టిఫిన్ వేళ 5 నిమిషాలు. గది సర్దకండి, వాడికి కొత్త చొక్కా వేయకండి, ఏమీ అడిగించకండి. రోజూ ఎలా పెడతారో అలాగే పెట్టండి. థెరపిస్టు మొదట చూడవలసింది అదే.